పద్నాలుగు రోజుల సందడి

కేలెండరులో డిసెంబరు కాగితం తిప్పగానే కొన్ని ఇళ్ళల్లో రెండు తేదీలకి ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టేస్తారు. ఒకటి అమెరికా నుంచి పిల్లలు దిగే రోజు. రెండోది వాళ్ళు తిరిగి వెళ్ళే రోజు. ఆ రెండు సున్నాల మధ్య ఎన్ని గళ్ళున్నాయో ఎప్పుడైనా వేలు పెట్టి లెక్కపెట్టారా? ఈ వారం మనం ఆ లెక్కే చూద్దాం.

అక్కడి బడులకి క్రిస్మస్ సెలవులు ఇంచుమించు రెండు వారాలు. డిసెంబరు 20కి అటూ ఇటూగా మొదలై, జనవరి మొదటి వారానికల్లా అయిపోతాయి. ఎండాకాలం సెలవులు రెండు నెలల పైనే ఉంటాయి గానీ, మన ఎండలు తలచుకుని చాలామంది జంకుతారు. ఆఫీసులో సెలవు దొరకడం కూడా సంవత్సరం చివర్లోనే తేలికట. అందుకే టిక్కెట్టు ధర మండిపోతున్నా డిసెంబరుకే కొంటారు.

21న దిగి, జనవరి 3న వెళ్ళేవాళ్ళని తీసుకుందాం. మొత్తం 14 రోజులు. వచ్చిన నాలుగు రోజులూ పగలు నిద్ర, రాత్రి జాగారం. కోడలి పుట్టింటికి నాలుగు రోజులు, అది న్యాయం కూడాను. తిరుపతికి రెండు రోజులు. బంధువుల ఇళ్ళల్లో భోజనాల పిలుపులకి రెండు రోజులు. బట్టలకొట్టూ, టైలరూ ఒక రోజు. ఎంతయింది? 13. మిగిలిన ఆ ఒక్క రోజూ పెట్టెలు సర్దుకోవడానికే సరిపోతుంది. మరి రెండేళ్ళనుంచి మనవల కోసం ఎదురుచూసిన తాతగారికీ, మామ్మగారికీ ఏ రోజు మిగిలినట్టు?

ఇదేదో వాళ్ళ తప్పనడం లేదు. మనమే వాళ్ళకి ఊపిరి సలపనివ్వం. ఫలానా వాళ్ళింటికి వెళ్ళి మా ఇంటికి రాలేదన్న మాట వస్తుందని మన భయం. నన్నడిగితే పిలుపులన్నిటికీ ఒకటే మందు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందర్నీ మన ఇంటికే రమ్మనండి. పులిహోర, గారెలు, పెరుగన్నం, ఒక స్వీటు. చాలు. బాబాయిగారినీ, పెద్దత్తయ్యగారినీ మాత్రం పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూసి రావాలి, వాళ్ళు కదల్లేరు కాబట్టి. తక్కినవాళ్ళు రాగలరు. అలా రెండు రోజులు మిగిలాయా, వాటి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి.

తిరుపతి మాట కూడా ముందే అనుకోవాలి. వాళ్ళొచ్చేది ధనుర్మాసంలో. కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల. డిసెంబరు ఆఖరునో, జనవరి మొదట్లోనో వైకుంఠ ఏకాదశి వస్తుంది. 2020 నుంచి వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు చేశారు గానీ ఆ రోజుల్లోనూ, జనవరి 1నా ఉండే జనం సంగతి మీకు తెలియంది కాదు. 300 రూపాయల దర్శనం టిక్కెట్లు నెలల ముందే అయిపోతాయి. టిక్కెట్టు చేతిలో ఉంటే సరే. లేకపోతే నిద్ర చాలని పిల్లల్ని కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టే బదులు ఊళ్ళో గుడికి తీసుకెళ్ళి, మొక్కు ముడుపు కట్టి ఉంచమని అత్తగారికి నేనైతే నచ్చచెబుతాను. స్వామి ఎక్కడికీ పోడు.

ఇక నిద్ర సంగతి. చలికాలంలో మనకి పొద్దున్న పదిన్నర అయినప్పుడు న్యూయార్కులో అర్ధరాత్రి. కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి తొమ్మిది. అంటే ఆ పిల్లల కడుపులో గడియారం పూర్తిగా తిరగబడి ఉంటుందన్నమాట. మనం వేడివేడిగా వడ్డించే వేళకి వాళ్ళకి కళ్ళు మూతలు పడతాయి. అందరం పడుకున్నాక రెండింటికి లేచి ఆకలంటారు. మొదటి మూడు నాలుగు రోజులు రాత్రి పడుకునేముందు బల్లమీద అరటిపళ్ళు, ఫ్లాస్కులో పాలు, హాట్‌ప్యాకులో నెయ్యి కలిపిన మెత్తటి పప్పన్నం పెట్టి ఉంచండి. లైటు స్విచ్చి ఎక్కడుందో చూపించండి. కొత్త ఇంట్లో చీకటి పిల్లలకి భయం. పగలు మాత్రం కాసేపు ఎండలో తిప్పండి. సాయంత్రం నాలుగు దాటాక ఎంత ఏడ్చినా పడుకోనివ్వకండి.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చునే ఆ పిల్లల్ని చూసి అయ్యో పాపం అనుకుంటాం. కానీ ఆ వేళకి మన ఇంట్లో లేచి ఉండేది ఇంకెవరు? మామ్మగారే కదా! ధనుర్మాసం, వాకిట్లో కళ్ళాపి, ముగ్గు. పిల్లకి ఒక స్వెట్టరు వేసి ఆవిడ వెంట పంపించండి. చుక్కలు లెక్కపెట్టి పెట్టడం అప్పజెప్పండి. ఆరింటికి వీధిలో హరిదాసు తంబురా వినిపిస్తే, అక్షయపాత్రలో బియ్యం ఆ పిల్ల చేతే పోయించండి. మనం నిద్రలేచేసరికి మామ్మా మనవరాలూ రెండు గంటలు కలిసి గడిపేసి ఉంటారు. పధ్నాలుగు రోజుల్లో ఇంకెప్పుడూ దొరకని తీరిక అది.

ఇందులోనే ఇంకో సుఖం ఉంది. ఆ వేళప్పుడు వినేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి తెలుగు మాటలు తప్పో ఒప్పో వాటంతటవే వస్తాయి. మనమేం చేస్తాం? నలుగురు చుట్టాల మధ్య నిలబెట్టి, “ఏదీ, తెలుగులో మాట్లాడు చూద్దాం” అంటాం. వాడు బిక్కమొహం వేస్తాడు. అందరూ నవ్వుతారు. ఆ పిల్లవాడు మళ్ళీ నోరు విప్పితే ఒట్టు. చాలామంది పిల్లలకి మన మాట పూర్తిగా అర్థమవుతుంది, జవాబే ఇంగ్లీషులో వస్తుంది. మీరు తెలుగులోనే మాట్లాడుతూ పొండి. కొబ్బరి కోరమనండి, చిక్కుడుకాయలు ఒలవమనండి. పని చేసే చేతులకి మాట దానంతటదే తోడొస్తుంది.

పెద్ద పండగేమో సంక్రాంతి. వాళ్ళు విమానమెక్కిన పది రోజులకి గానీ రాదు! అందుకే అమెరికా పిల్లలున్న ఇళ్ళల్లో సంక్రాంతి పిండివంటలు క్రిస్మస్‌కే మొదలైపోతున్నాయి. అరిసెలు వాళ్ళు రాకముందు చేసి డబ్బాలకెత్తకండి. వచ్చాక, వాళ్ళ కళ్ళముందు చెయ్యండి. కిలో కొత్తబియ్యం ఒక రాత్రీ పగలూ నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. నీళ్ళు వార్చి, గుడ్డమీద ఆరబోసి, తడి ఉండగానే పిండి పట్టించి జల్లించుకోవాలి. ముప్పావు కిలో బెల్లం పాకం పట్టి, చుక్క నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. గట్టి ఉండ అయిందా, అరిసె రాయే! దించి కాస్త నెయ్యీ, నువ్వులూ వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ ఆపకుండా కలపాలి. అలా కలపడానికి బలం కావాలి. కొడుకుని పిలవండి. అక్కడ తన అంట్లు తానే తోముకునేవాడు, ఇక్కడ మాత్రం మంచం మీద కూర్చుని కాఫీ అడగడమేమిటి? వేయించినవి చెక్కలతో నొక్కి నూనె కారిపోనిచ్చాక మొదటిది పిల్లల చేతిలో పెట్టండి.

క్రిస్మస్ పండగే తమ పండగయిన ఇళ్ళల్లో ముచ్చట ఇంకో రకం. మా ఎదురింటి టీచరమ్మగారింట్లో డిసెంబరు ఒకటో తారీఖుకే డాబామీద కాగితం నక్షత్రం వెలుగుతుంది. ఆ వెంటనే సెమీ క్రిస్మస్‌లు. రాత్రిళ్ళు గిటారూ, డప్పూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడే బృందాలు. ఆవిడ అబ్బాయి టెక్సాస్ నుంచి 22న దిగుతాడు. అప్పటికి సగం పాటలు అయిపోతాయి. అక్కడ చెట్టుంది, దీపాలున్నాయి, కేకుంది గానీ, అర్ధరాత్రి గుమ్మంలో నిలబడి పాడితే టీ ఇచ్చే ఇల్లు లేదని అతని బాధ. అందుకని చర్చివాళ్ళతో మాట్లాడి తమ వీధి వంతు 23 రాత్రికి పెట్టించుకున్నారావిడ. తెలివైన పని. మనం కూడా ఏ వేడుక కోసం పిల్లలు ప్రాణం పెడతారో ముందే ఫోనులో అడిగి, దాన్ని జరపగలిగితే కాస్త ఇటు జరపాలి. 31 రాత్రి ప్రార్థనకి మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తారు. ఓసారి మెదక్ చర్చికి కూడా తీసుకెళ్ళారు. 1924 క్రిస్మస్ నాడు తెరిచిన గుడి అది, మనబోటి వాళ్ళం కూడా చూసి తీరాల్సిందే. అయితే పండగ రోజున అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. మర్నాడో, ఆ మర్నాడో వెళ్ళడం మేలు.

ఆవిడ పంపించే గులాబి పువ్వులు మా వీధిలో అందరికీ ఇష్టం. కప్పు బియ్యప్పిండి, కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు. కొబ్బరిపాలు పోస్తూ దోసెల పిండికన్నా కాస్త పల్చగా కలపాలి. అచ్చుని కాగిన నూనెలో ఉంచి బాగా వేడెక్కనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పైదాకా మునిగిందంటే పువ్వు ఊడిరాదు. మళ్ళీ నూనెలో పెట్టి మెల్లిగా కుదిపితే విడిపోతుంది. గుడ్డు తినని ఇంట్లో అది మానేసి కొబ్బరిపాలు కాస్త చిక్కగా తీసుకోండి.

అందరి రాకలూ ఈ సెలవులకి కుదరవు లెండి. గోదావరి జిల్లాల నుంచీ, కడప వైపు నుంచీ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన అమ్మలున్నారు. అక్కడ క్రిస్మస్ సెలవురోజు కాదు. పెట్టుకున్నవాళ్ళు పంపినప్పుడే రావడం, చాలామందికి అది రెండేళ్ళకోసారే. మీ వీధిలో అలాంటి తల్లి ఈ డిసెంబరులో వచ్చి ఉంటే, ఆమె పిల్లలు మొదటి రెండు రోజులూ ఆమె దగ్గరికి పోవడానికి సిగ్గుపడితే, “అమ్మని మర్చిపోయావా” అని వేళాకోళం చెయ్యకండి. ఆ మాట ఆమెకి ఎక్కడ తగులుతుందో ఆలోచించండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఊళ్ళో అత్తమామల దగ్గరుండే కోడలు ఒకరు, విమానం దిగే కోడలు ఒకరు. ఏడాది పొడుగునా మందులిచ్చేదీ, డాక్టరు దగ్గర వరసలో కూర్చునేదీ మొదటావిడ. ఈ పద్నాలుగు రోజులూ మాత్రం ఇంట్లో అందరి కళ్ళూ రెండో ఆవిడ మీదే. “పాపం, చిక్కిపోయిందే!” అని అత్తగారంటే వంటింట్లో ఉన్న కోడలి చేతిలో గరిటె కాస్త గట్టిగానే చప్పుడవుతుంది. ఆ చప్పుడు నాకు అర్థమవుతుంది. అయితే ఆ రెండో ఆవిడ సంగతీ చూడాలి. పనిమనిషి లేదు, ఉద్యోగం, పిల్లలు, మంచులో కారు. అలిసిపోయి వస్తుంది. పుట్టిల్లు చేరితే గానీ నడుం వాల్చలేదు. ఇద్దరిదీ నిజమే. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకపోవడమే వచ్చిన చిక్కు.

అందుకని నవంబరులోనే ఫోనులో మరిదిగారికి నేరుగా చెప్పేయండి. “మీరున్న రోజులకి వంటమనిషిని పెడుతున్నాను, ఆ జీతం మీరివ్వండి” అని. ఇందులో మొహమాటమేముంది? పది మంది భోజనం రెండు పూటలా ఒక్క మనిషి వండితే పన్నెండో రోజుకి మాట తూలుతుంది. ఆ తూలిన మాటే వాళ్ళు సముద్రాలు దాటి మోసుకుపోతారు. జీతం ఇస్తారు, సంతోషంగానే ఇస్తారు. అడగలేదనే వాళ్ళకి తెలియదు.

అమ్మానాన్నల ఆరోగ్యం ఇంకోటి. కొడుకు గుమ్మంలో అడుగుపెట్టగానే మామగారి దగ్గు మాయమవుతుంది. అత్తగారు మోకాలు పట్టుకోకుండానే మెట్లెక్కుతారు. “మాకేంరా, రాయిలా ఉన్నాం” అంటారు. పిల్లవాడు నమ్మి వెళ్ళిపోతాడు. తీరా ఏ మార్చిలోనో మనం ఫోను చేసి ఆపరేషనంటే, “మొన్ననే చూశానుగా, బాగానే ఉన్నారే!” అంటాడు. ఆ మాట మనల్ని తప్పు పట్టినట్టే ఉంటుంది. వాళ్ళు దిగిన మూడో రోజుకల్లా చీటీలూ, రిపోర్టులూ ఉన్న ఫైలు కొడుకు చేతిలో పెట్టండి. మొదటి వారంలోనే ఆయన చేతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనివ్వండి. పరీక్షలు రాస్తే ఫలితాలు వచ్చేదాకా ఆయన ఇక్కడే ఉంటాడు. డాక్టరు చెప్పేది మన నోటితో కాకుండా ఆయన చెవితోనే వింటాడు. కోడలు ఎక్కువ చేసి చెబుతోందన్న అనుమానానికి తావుండదు.

కాగితాల సంగతి కూడా ఇంతే. మన ఇళ్ళల్లో ఈ మాట ఎప్పుడొస్తుందో గమనించారా? ఎయిర్‌పోర్టుకెళ్ళే కారులో! “ఒరే, ఆ పొలం విషయం...” అని మామగారు మొదలుపెట్టేసరికి శంషాబాద్ వచ్చేస్తుంది. ముఖ్యమైన మాటని పెట్టెల మధ్య ఇరికించకూడదు. 26నో, 27నో పిల్లలు మేడమీద ఆడుకుంటున్నప్పుడు పెద్దవాళ్ళు నలుగురూ, కోడళ్ళిద్దరితో సహా, కూర్చోండి. కోడళ్ళెందుకంటారేమో, రేపు చెయ్యాల్సింది వాళ్ళే కనక.

తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వీలునామా తెల్లకాగితం మీద రాసుకున్నా చెల్లుతుంది, స్టాంపు ఖర్చు లేదు. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. రిజిస్టరు చేయించి తీరాలన్న నియమం లేదు గానీ చేయిస్తే తర్వాత పేచీలు తగ్గుతాయి. పక్క చేను అమ్మకానికొచ్చింది, అబ్బాయి పేర కొందామని మామగారికి ఆశ ఉండొచ్చు. విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ళు, ఓసీఐ కార్డున్నవాళ్ళు సహా, ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా రావడానికి మాత్రం అడ్డు లేదు. ఈ తేడా తెలియక బయానా ఇచ్చి చిక్కుల్లో పడకండి. బ్యాంకు ఖాతాలకి నామినీ పేరుందో లేదో ఈ రోజుల్లోనే చూసుకోవాలి. ఇవన్నీ చావుమాటలని అత్తగారు చెవులు మూసుకుంటే, ముందు మామగారితో ఒంటరిగా కదపండి. చాలా ఇళ్ళల్లో ఆయన ఎవరు అడుగుతారా అనే చూస్తూంటారు.

ఆ రోజే ఇంకో మాట కూడా తేలాలి. ఇక్కడుండే కోడలికి ఏడాదికి ఓ పది రోజులు సెలవు కావాలి. ఆ పది రోజులూ అమ్మానాన్నలకి మనిషిని పెడతారా, ఎవరైనా వస్తారా, ఎవరు ఖర్చు పెడతారు? ఇది అడిగితే గొడవ పెట్టుకున్నట్టు కాదు. వచ్చే ఏడాది ఎర్ర సున్నా చుట్టేటప్పుడు ఆవిడ కూడా సంతోషంగా చుట్టాలి కదా.

పెట్టెల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. చాలా విమానాల్లో ఒక పెట్టెకి 23 కిలోలు. పచ్చళ్ళ సీసా మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, పాత తువ్వాలులో చుట్టి బట్టల నడుమ ఉంచండి. నూనె పైకి తేలే ఆవకాయని రెండు రోజుల ముందే సీసాకెత్తితే, చెమర్చే సీసా ఏదో ఇంట్లోనే తెలిసిపోతుంది. కందిపొడి, కరివేపాకు పొడి డబ్బాల మీద ఇంగ్లీషులో పేరు రాసి అంటించండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి లాంటి మాంసం సరుకులు అమెరికాలో రానివ్వరు. పచ్చి పళ్ళూ, విత్తనాలూ అంతే. ఏం తీసుకెళ్తున్నా అక్కడ అడిగినప్పుడు దాచకుండా చెప్పమనండి. సున్నుండలు నెయ్యి ఎక్కువైతే దారిలో మెత్తబడి ముద్దవుతాయి, కాస్త తక్కువే వెయ్యండి.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు బోసిపోతుంది. ఫ్రిజ్ నిండా సగం సగం గిన్నెలు, పరుపు కింద ఒక చిన్న మేజోడు. అత్తగారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినరు. ఆ తర్వాత వారానికి భోగి. అరిసెలకి బియ్యం నానబోద్దామా అంటే, “ఇప్పుడెవరి కోసమే” అంటారావిడ. “మేం లేమా అత్తయ్యగారూ” అని అడగండి. ఒక్క క్షణం మీ మొహంలోకి చూసి, “పాకం నేనే పడతాలే, నీకు ముదిరిపోతుంది” అంటూ లేస్తారు.